లారీ తోలిన గూఢచారి

మేము మిన్నెసోటా వచ్చింది 1999లో. అప్పట్లో కాకరకాయల కోసం పడ్డ అవస్థ చెప్తే ఇప్పుడు వస్తున్న కుర్రాళ్లు నవ్వుతారు. మాకు అందుబాటులో ఉన్న ఒక్క ఇండియన్ కొట్టుకి కూరలు శుక్రవారం సాయంత్రం వచ్చేవి. శనివారం మధ్యాహ్నానికల్లా వాడి వడిలిపోయేవి. అలాంటి రోజుల్లో ఎవరో పుణ్యాత్ముడు ఓ కబురు చెప్పాడు. సెయింట్ పాల్ డౌన్‌టౌన్‌లో శని, ఆదివారాలు పొద్దున్నే రైతుబజారు పెడతారనీ, అక్కడ చైనా వాళ్లు కాకరకాయలు అమ్ముతారనీ. వెళ్లాం. కాకరకాయలే కాదు, గుత్తివంకాయకి సరిపోయే చిన్న వంకాయలు, బారెడు పొడుగు అలసంద కాయలు, గుమ్మడి తీగ చిగుళ్లు, కట్టలు కట్టలు కొత్తిమీర, నోట్లో పెడితే నషాళానికంటే బుల్లి మిరపకాయలు! మా ఆవిడ ఆ రోజు రెండు చేతుల సంచులూ నింపుకుని, కారెక్కాక, "ఇంక ఈ ఊళ్లో ఉండొచ్చండీ" అంది.

ఆ మిరపకాయలు అమ్మే పెద్దావిడకి మా ఆవిడ 'మామ్మగారు' అని పేరు పెట్టింది. ఆవిడకి ఇంగ్లీషు రాదు. మా ఆవిడకి వాళ్ల భాష రాదు. అయినా ఇద్దరూ వేళ్లతో, నవ్వులతో బేరాలు కానిచ్చేవారు. పక్కన ఓ తాతగారు మడత కుర్చీలో కూర్చుని ఉండేవాడు. నెత్తిన టోపీ, ఎడం చేతికి రెండు వేళ్లు లేవు. మూడు వేసవులు గడిచాకగానీ నాకు వాళ్లు చైనా వాళ్లు కాదని తెలియలేదు. ఓ శనివారం వాళ్ల మనవరాలు కొట్లో ఉంటే అడిగాను. "మేము హ్మాంగ్. లావోస్ నుంచి వచ్చాం" అంది. రాయడం అలా రాస్తారు గానీ పలకడం 'మోంగ్' అని పలకాలట. ఏం పని మీద వచ్చారు ఇంత దూరం అన్నాను, మనందరం ఒకరినొకరం అడిగే ధోరణిలో. "మా తాతయ్య సి.ఐ.ఏ.కి పనిచేశాడు" అంది ఆ పిల్ల చిల్లర లెక్కపెడుతూ.

నేను నవ్వాపుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది గానీ ఆపుకున్న మాట నిజం. మా వీకెండ్ పార్టీల్లో అప్పటికే ఈ మాట చాలాసార్లు విని ఉన్నాను. "మనం ఎంట్రన్సులు రాసి, వీసాల కోసం క్యూల్లో నిలబడి వచ్చాం. వీళ్లు ఊరికే వచ్చి వెల్‌ఫేర్ మీద బతుకుతున్నారు" అని. అన్నవాళ్లు చెడ్డవాళ్లేం కాదు, నాతోపాటు పులిహోర తింటున్న వాళ్లే. నేనూ తలూపాను. ఊరికే వచ్చారు అన్న మాటలో ఎంత అబద్ధం ఉందో తెలుసుకోవడానికి నాకు లైబ్రరీలో ఓ శీతాకాలం పట్టింది. ఆ శీతాకాలంలో నాకు తగిలిన మనిషి బిల్ లెయిర్.

*

జేమ్స్ విలియం లెయిర్ 1924లో ఓక్లహోమాలో పుట్టి, టెక్సాస్ ఉత్తరపు కొసలో పెరిగాడు. రెండో ప్రపంచ యుద్ధంలో మామూలు సైనికుడిగా యూరప్‌లో పోరాడి వచ్చి, టెక్సాస్ ఎ అండ్ ఎమ్‌లో చదువుకున్నాడు. 1950లో డిగ్రీ చేతికి రాగానే సి.ఐ.ఏ.లో చేరాడు. ఆ సంస్థకి అప్పటికి మూడేళ్ల వయసు. చైనా కమ్యూనిస్టుల చేతికి వెళ్లి ఏడాదే అయింది, కొరియాలో యుద్ధం మొదలైంది. తరవాతి వంతు థాయిలాండ్‌దేనని వాషింగ్టన్‌లో భయం. 1951లో లెయిర్‌ని అక్కడికి పంపారు. పని: చైనా సేనలు దిగితే అడవుల్లోంచి గెరిల్లా పోరాటం చేయగలిగేలా థాయి పోలీసులకి తర్ఫీదు ఇవ్వడం.

చైనా సేనలు దిగలేదు. రెండేళ్లు గడిచాక ఈ తర్ఫీదు ఎందుకు, మూసేద్దాం అన్నారు పైవాళ్లు. లెయిర్ ఒప్పుకోలేదు. తయారైన వాళ్లలోంచి మెరికల్లాంటి వాళ్లని ఏరి ఓ చిన్న దళం కడతానన్నాడు. అలా పుట్టిందే పారు అనే పోలీసు పారాచూట్ దళం. థాయి రాజుగారి సముద్రపు విడిది ఉన్న హువా హిన్ దగ్గర వాళ్ల శిబిరం. 1960 నాటికి ఆ దళంలో సుమారు 400 మంది ఉండేవారు. లెయిర్ థాయి పోలీసుల్లో ఓ అధికారి హోదా తీసుకున్నాడు, థాయి మాట్లాడటం నేర్చుకున్నాడు, థాయి అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. ఆవిడ అన్నదమ్ముల్లో ఒకరైన సిద్ధి సవేత్సిల తరవాతి కాలంలో ఆ దేశానికి విదేశాంగ మంత్రి కూడా అయ్యాడు. లెయిర్‌ని చూసినవాళ్లంతా ఒకటే మాట రాశారు: ఇతను గూఢచారిలా ఉండడు. నెమ్మది మనిషి, తక్కువ మాటలు, కళ్లజోడు. సభలో వెనక వరసలో కూర్చుని, థాయి కల్నల్‌ని ముందుకి నెట్టే రకం.

ఈ వెనక వరస సంగతి నాకు చాలా నచ్చింది. అది అతని స్వభావమే కాదు, సిద్ధాంతం కూడా. ఆసియావాళ్ల యుద్ధం ఆసియావాళ్లే చేయాలి, తెల్లవాడు ఎంత తక్కువ కనబడితే అంత మంచిది, తెల్లవాళ్లు ఎక్కువైతే పని వాళ్లదైపోతుంది, ఊరివాడు కూలివాడైపోతాడు అన్నది అతని లెక్క.

*

లావోస్ చిన్న దేశం. పటంలో చూస్తే థాయిలాండ్‌కీ వియత్నాంకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. ఫ్రెంచివాళ్లు పోయాక అక్కడ రాజుగారి ప్రభుత్వం ఒకటి, ఉత్తర వియత్నాం అండ ఉన్న పాథెట్ లావో కమ్యూనిస్టులు ఒకరు, తటస్థులు ఒకరు, ఇలా మూడు ముక్కలాట. 1960 ఆగస్టులో కాంగ్ లె అనే కెప్టెన్ రాజధాని వియంటియాన్‌ని రాత్రికి రాత్రి పట్టేసుకున్నాడు. డిసెంబరులో అమెరికా వైపు జనరల్ దాన్ని తిరిగి తీసుకున్నాడు. ఓడిపోయిన కాంగ్ లె ఉత్తరానికి పోయి, కమ్యూనిస్టులతో చేతులు కలిపి, 1961 జనవరి మొదట్లో జాడీల మైదానం అనే పీఠభూమిని ఆక్రమించాడు.

జాడీలంటే ఆవకాయ జాడీలు కావు. వేల ఏళ్ల క్రితం ఎవరో చెక్కి వదిలేసిన రాతి జాడీలు, కొన్ని మనిషి ఎత్తుని మించినవి. ఆ మైదానం చుట్టూ ఉన్న కొండల మీద హ్మాంగులు ఉండేవారు. చైనాలోంచి తరతరాలుగా దక్షిణానికి జరుగుతూ వచ్చిన కొండజాతి. పోడు వ్యవసాయం, కొండవరి, మొక్కజొన్న, నల్లమందు. నల్లమందు దగ్గర మన కనుబొమలు పైకి లేస్తాయి గానీ, ఫ్రెంచి ప్రభుత్వమే దాన్ని వాళ్ల దగ్గర కొనేది. ఆ కొండల్లో డబ్బు చేసే పంట అదొక్కటే. వాళ్లలో పద్ధెనిమిది వంశాలున్నాయని చెప్పుకుంటారు. ఒకే వంశంవాళ్లు ఎంత దూరపువాళ్లయినా పెళ్లి చేసుకోకూడదు, వరసకి అన్నాచెల్లెళ్లవుతారు. ఇది చదివి మా ఆవిడకి చెబితే, "సగోత్రం అనరాదూ!" అంది.

ఆ వంశాల మధ్య పాత కక్షలు కూడా ఉన్నాయి. అందుచేత హ్మాంగులంతా ఒక వైపు లేరు. ఫైడాంగ్ అనే నాయకుడి వెనక ఒక వర్గం పాథెట్ లావోతో నిలబడింది. మిగిలినవాళ్లలో పెరుగుతున్న నాయకుడు వాంగ్ పావ్. రాజుగారి సైన్యంలో అధికారి. వయసు ముప్పై ఒకటి.

1961 జనవరిలో లెయిర్ హెలికాప్టర్ వేసుకుని, మైదానానికి ఆగ్నేయంగా టా వియెంగ్ అనే చోట వాంగ్ పావ్‌ని వెతికి పట్టుకున్నాడు. ఏం చేద్దామనుకుంటున్నావని అడిగాడు. వాంగ్ పావ్ చెప్పిన దాని సారాంశం ఇది: మాకు రెండే దారులు, పారిపోవడం లేదా పోరాడటం. కమ్యూనిస్టులతో కలిసి బతకలేం. ఆయుధాలిస్తే పోరాడతాం. ఎంతమంది వస్తారంటే పదివేల మంది అన్నాడు. లెయిర్ ఈ మాటల్ని పైవాళ్లకి చేరవేశాడు. ఐసన్‌హోవర్ పదవి దిగే రోజులు, కెనెడీ ఎక్కే రోజులు. అనుమతి త్వరగానే వచ్చింది. దానికి మొమెంటం అని గుప్తనామం పెట్టారు.

పా డాంగ్ అనే కొండ మీద మొదటి 300 మందికి ఆకాశం నుంచి తుపాకులు దిగాయి. పారు దళం థాయివాళ్లే గురువులు. మూడు రోజుల తర్ఫీదు: తుపాకి పేల్చడం, దాక్కుని దెబ్బకొట్టడం, పారిపోవడం. ఈ మూడోది ముఖ్యం. ఎక్కడా నిలబడి యుద్ధం చేయకూడదు, కొట్టి కొండల్లోకి పోవాలి, ఊరూ పిల్లలూ వెనక ఉన్నారని మరిచిపోకూడదు. గెరిల్లాకి చేతనైన యుద్ధం అదే, లెయిర్‌కి కావలసిన యుద్ధమూ అదే. ఆ ఏడాది జులైలో అమెరికా ప్రభుత్వం లోపల తిరిగిన ఓ కాగితం పదేళ్ల తరవాత పెంటగాన్ పత్రాలతోపాటు బయటపడింది. అందులో లెక్క ఇలా ఉంది: ఆయుధాలు అందుకున్న కొండవాళ్లు దాదాపు 9,000 మంది. వాళ్లని నడిపే సి.ఐ.ఏ. అధికారులు తొమ్మిది మంది, అమెరికా సైనికులు తొమ్మిది మంది, థాయి పారు వాళ్లు 99 మంది. అమెరికా చరిత్రలో ఇంత చవకగా నడిచిన యుద్ధాలు చాలా కొద్ది.

*

ఇక్కడ మన దేశం ప్రస్తావన కూడా వస్తుంది. 1954 జెనీవా ఒప్పందాల అమలుని చూడటానికి వేసిన అంతర్జాతీయ పర్యవేక్షణ సంఘానికి లావోస్‌లో అధ్యక్ష స్థానం ఇండియాది. కెనడా, పోలండ్ సభ్యులు. 1961లో మళ్లీ జెనీవాలో పద్నాలుగు దేశాలు కూర్చున్నప్పుడు మన తరఫున వి.కె. కృష్ణ మేనన్ వెళ్లాడు. 1962 జులై 23న ఒప్పందం కుదిరింది. లావోస్ తటస్థ దేశం, విదేశీ సైనికులంతా అక్టోబరు మొదటి వారంలోగా వెళ్లిపోవాలి. పర్యవేక్షకులు సరిహద్దు చెక్‌పోస్టుల దగ్గర నిలబడి లెక్కపెట్టారు. అమెరికా వాళ్లు 666 మంది బయటికి వెళ్లారు. ఉత్తర వియత్నాం వాళ్లు నలభై మంది వెళ్లారు. వేల మంది అడవుల్లోనే ఉండిపోయారు. అమెరికా కూడా పూర్తిగా పోలేదు. లాంగ్ చెంగ్ అనే లోయలో ఇద్దరు సి.ఐ.ఏ. మనుషుల్ని అట్టేపెట్టుకుంది. లెయిర్ మెకాంగ్ నది దాటి థాయిలాండ్ వైపు, చివరికి ఉడోర్న్ వైమానిక స్థావరంలో ఓ చిన్న ఆఫీసులో కూర్చున్నాడు.

ఆ ఇద్దరిలో ఒకడు వింట్ లారెన్స్, ప్రిన్స్‌టన్‌లో చదివిన కుర్రాడు, తరవాతి రోజుల్లో పత్రికలకి బొమ్మలేసి పేరు తెచ్చుకున్నాడు. రెండోవాడు టోనీ పో. అంతకుముందు టిబెట్ ఖంపాలకి కూడా తర్ఫీదు ఇచ్చిన మనిషి. ఇతను చంపిన శత్రువుల చెవులు కోయించి లెక్కకి తెప్పించుకునేవాడు. తనే ఒప్పుకున్నాడు ఆ సంగతి. ఒకే కొండ మీద ఒకే సంస్థ తరఫున ఇలాంటి ఇద్దరు! లెయిర్ మంచివాడు కాబట్టి ఆ యుద్ధం మంచిదైపోయిందని ఎవరైనా అనబోతే నాకు ఆ చెవులు గుర్తొస్తాయి.

ఈ రోజుల్లోనే పాప్ బ్యూల్ అని మరో మనిషి ఉన్నాడు. ఇండియానాలో మొక్కజొన్న రైతు. భార్య పోయాక, యాభై ఏళ్ల వయసు దగ్గరపడుతుండగా, వాలంటీరుగా లావోస్ వచ్చాడు. మగాళ్లు యుద్ధానికి పోతే పోడు కొట్టేవాళ్లు లేరు, ఊళ్లు పదేపదే ఖాళీ చేయాలి. తిండి ఎలా? విమానాల్లోంచి బియ్యం బస్తాలు పడేయించే ఏర్పాటుని నిలబెట్టింది ఆయనే. బళ్లు, ఆస్పత్రి కూడా పెట్టించాడు. ఏళ్ల తరబడి అలా సాగేసరికి, బియ్యం పొలంలో పండుతుందని తెలియని పిల్లలు తయారయ్యారట. బియ్యం ఎక్కడినుంచి వస్తుందంటే ఆకాశంలోంచి అనేవారట. మొదట చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఓ రైతుజాతి పదేళ్లలో విమానం కోసం ఆకాశం చూసే జాతి కావడమంటే ఏమిటో కాసేపయ్యాక తోచింది.

*

కథ తిరిగింది 1964 తరవాత. వియత్నాంలో అమెరికా పూర్తిగా దిగింది. హో చి మిన్ బాట లావోస్‌లోంచే పోతుంది. దాంతో ఈ మారుమూల కొండలు పెద్ద యుద్ధానికి పక్కవాటా అయ్యాయి. హ్మాంగులు తమ ఊళ్లు కాపాడుకోవడం అన్నది వెనకబడిపోయి, ఉత్తర వియత్నాం డివిజన్లని ఇక్కడ కట్టిపడేస్తే అక్కడ అమెరికా కుర్రాళ్ల మీద భారం తగ్గుతుంది అన్న లెక్క ముందుకొచ్చింది. 1966లో వియంటియాన్‌కి టెడ్ షాక్లీ అనే కొత్త సి.ఐ.ఏ. అధిపతి వచ్చాడు. మనుషులు పెరిగారు, ఆఫీసులు పెరిగాయి, రిపోర్టులు పెరిగాయి, బాంబర్లు పెరిగాయి. గెరిల్లాలని బెటాలియన్లుగా కట్టి, కొండలు పట్టుకుని నిలబడమన్నారు.

కొట్టి పారిపోయేవాణ్ణి నిలబడి కాపలా కాయమంటే ఏమవుతుందో ఫౌ ఫా థి చెప్పింది. ఉత్తర వియత్నాం సరిహద్దుకి దగ్గర్లో, దాదాపు 1,700 మీటర్ల ఎత్తు కొండ. హనోయ్ మీదికి వెళ్లే బాంబర్లకి దారి చూపే రాడార్‌ని అమెరికా వైమానిక దళం దాని మీద పెట్టింది. కింద కాపలా హ్మాంగులూ థాయిలూ. 1968 మార్చి 10, 11 తేదీల్లో ఉత్తర వియత్నాం సేనలు ఆ కొండని తీసుకున్నాయి. పైన ఉన్న అమెరికన్లలో 12 మంది చనిపోయారు. కింద పోయినవాళ్ల పేర్లు ఏ ఫలకం మీదా లేవు.

అదే ఏడాది పాప్ బ్యూల్ ఓ అమెరికన్ విలేకరితో కొత్త రంగరూట్ల సంగతి చెప్పాడు. మూడు వందల మంది కొత్తగా చేరితే అందులో నూటికి ముప్పైమంది పద్నాలుగేళ్లవాళ్లో అంతకన్నా చిన్నవాళ్లో. పదిమందికి పదేళ్లు. వీళ్ల అన్నలు, నాన్నలు అప్పటికే పోయారు.

1968 వేసవిలో లెయిర్ లావోస్ పని వదిలి వెళ్లిపోయాడు. తలుపు ధడాలున వేసి పోలేదు, పత్రికలకి ఎక్కలేదు. తను కట్టిన చిన్న ఇల్లు ఎవరో సత్రం చేసేశారు, ఇంక ఇక్కడ తన పని లేదు అనుకున్నాడు. అతను తరవాత ఇచ్చిన ఇంటర్వ్యూలూ, 1995లో రోజర్ వార్నర్ రాసిన పుస్తకమూ చదివితే నాకర్థమైంది ఇంతే. పద్ధెనిమిదేళ్ల సర్వీసులో కట్టినది తన చేతుల్లోంచి పోతుంటే, పెద్దగా అరవని మనిషి చేయగలిగింది పక్కకి తప్పుకోవడం. తప్పుకోవడానికి అతనికి ఓ దేశం ఉంది.

*

తరవాతి ఏడేళ్లూ గబగబా చెప్పేస్తాను, ఎందుకంటే అది ఒకటే మాట పదేపదే చెప్పడం. మైదానం పట్టుకోవడం, పోగొట్టుకోవడం. 1964 నుంచి 1973 దాకా అమెరికా లావోస్ మీద 5,80,000 సార్లు విమానాలు పంపి, 20 లక్షల టన్నులకి పైగా బాంబులు వేసింది. 1973 ఫిబ్రవరిలో సంధి కుదిరింది. అమెరికా విమానాలు ఆగిపోయాయి. 1975 ఏప్రిల్‌లో సైగాన్ పడిపోయింది. ఆ మే 10 నుంచి 14 దాకా లాంగ్ చెంగ్ రన్‌వే మీద జరిగినది చదివితే కడుపులో తిప్పుతుంది. విమానాలు నాలుగు కూడా లేవు. ఎక్కగలిగింది రెండున్నర వేలమంది చిల్లర, ఎక్కువగా అధికారుల కుటుంబాలు. రన్‌వే చుట్టూ నిలబడినవాళ్లు పదుల వేలు. 14న వాంగ్ పావ్ కూడా వెళ్లిపోయాడు, ముందు థాయిలాండ్‌కి, అక్కణ్ణించి అమెరికాలో మోంటానాకి. తమ జనరల్ వెళ్లిపోయాడని తెలిశాక జనం కాలినడకన దక్షిణానికి, మెకాంగ్ నది వైపు బయల్దేరారు. పధ్నాలుగేళ్ల యుద్ధంలో చనిపోయిన హ్మాంగ్ సైనికులు ముప్పైవేలకి పైనే అని అంచనాలు. నదికి చేరేలోపు పోయినవాళ్లని ఎవరూ సరిగ్గా లెక్కపెట్టలేదు.

ఆ నది సంగతి నేను చదివి తెలుసుకోలేదు, గుడ్డ మీద చూశాను. మామ్మగారి కొట్లో కూరల వెనక ఓ నీలం గుడ్డ వేలాడుతుండేది. అద్దకమో, బెడ్‌షీటో అనుకునేవాణ్ణి. వాళ్ల స్త్రీలు కుట్టే ఆ పనిని 'పా న్దావ్' అంటారు. పూర్వం ముగ్గుల్లాంటి గీతలే కుట్టేవారు. థాయిలాండ్‌లో బాన్ వినాయ్ లాంటి శరణార్థి శిబిరాల్లో ఏళ్ల తరబడి కూర్చున్న కాలంలో తమ కథ కుట్టడం మొదలెట్టారు. ఆ గుడ్డలో పైన కొండలు, ఇళ్లు, కోళ్లు. మధ్యలో విమానాలు, తుపాకులవాళ్లు. కింద అడ్డంగా నీలం నది. నదిలో వెదురు కట్టలు పట్టుకుని తేలుతున్న మనుషులు, వీపున పిల్లలు. మనవరాలు వేలితో చూపించి చెప్పింది. రాత్రి నది దగ్గర పిల్లలు ఏడిస్తే గస్తీవాళ్లు కాలుస్తారు. అందుకని పసిపిల్లలకి కాస్త నల్లమందు నాకించి నిద్రపుచ్చేవారు. కొందరు పిల్లలు నది దాటాక కూడా లేవలేదు. "మా నాయనమ్మ మొదటి కొడుకు" అంది. మామ్మగారు మా ఆవిడకి మిరపకాయలు పోస్తూ, కొసరు ఓ గుప్పెడు వేస్తోంది.

ఆ సాయంత్రం మేము ఇంటికొచ్చి వంట చేసుకోలేదు.

*

లెయిర్ ఆ తరవాత సి.ఐ.ఏ. తరఫున మళ్లీ థాయిలాండ్‌లో పనిచేసి, 1970ల్లో రిటైరయ్యాడు. రిటైరయ్యాక ఏం చేశాడనుకున్నారు? లారీ డ్రైవరయ్యాడు. పద్ధెనిమిది చక్రాల లారీ. ఏళ్లకేళ్లు ఈ దేశం నాలుగు మూలలా సరుకు మోశాడు. తోటి డ్రైవర్లకి గానీ, టీ కప్పు నింపే హోటల్ అమ్మాయికి గానీ, ఈ కళ్లజోడాయన ఒకప్పుడు వేల మందికి ఆయుధాలు పంచిన మనిషని తెలిసే అవకాశం లేదు. అది రహస్య యుద్ధం. ప్రభుత్వం ఒప్పుకోని యుద్ధం గురించి చెప్పుకోవడానికి ఎవరికీ ఏమీ ఉండదు. 1997 మే నెలలో ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో హ్మాంగ్, లావో యోధులకి ఓ చిన్న ఫలకం వెలిసింది. 2000లో ఆ యోధులకి ఇంగ్లీషు పరీక్ష లేకుండా పౌరసత్వం ఇచ్చే చట్టం వచ్చింది. 2007లో అదే అమెరికా, లావోస్ ప్రభుత్వాన్ని కూల్చడానికి కుట్ర పన్నాడని వాంగ్ పావ్‌ని అరెస్టు చేసింది. ఒకప్పుడు డబ్బిచ్చి చేయించిన పనికే! 2009లో ఆ కేసు ఎత్తేశారు. 2011 జనవరిలో ఆయన పోయాడు. ఆర్లింగ్టన్‌లో చోటు అడిగితే ఇవ్వలేదు. లెయిర్ 2014 అక్టోబరులో, తొంభై ఏళ్ల వయసులో, టెక్సాస్‌లో కన్నుమూశాడు.

నేను చరిత్రకారుణ్ణి కాను, రిటైరైన ఇంజనీరుని. కానీ ఓ ప్రశ్న ఈ ఇరవై ఏళ్లలో నన్ను వదల్లేదు. లెయిర్ చేసింది తప్పా? అతను మోసగాడు కాడు. థాయి భాష నేర్చాడు, వాళ్లతో కూర్చున్నాడు, పారిపోయే దారి ఉంచుకోమన్నాడు, తెల్లవాళ్లని తగ్గించమన్నాడు. వాంగ్ పావ్ కూడా బొమ్మ కాదు, తన లెక్కతోనే యుద్ధంలోకి దిగాడు. తుపాకులు ఇవ్వకపోతే 1961లోనే ఆ కొండలు ఖాళీ అయ్యేవేమో కూడా.

అయినా నాకు తోచేది ఇది. అతని పద్ధతి చవగ్గా, చక్కగా పనిచేసింది. పనిచేయడమే కొంప ముంచింది. పనిచేయని పథకాన్ని ఎవరూ పట్టించుకోరు, మూసేస్తారు. పనిచేసే పథకానికి పైనుంచి డబ్బొస్తుంది, మనుషులొస్తారు, ఇంకా పెద్ద అవసరం వస్తుంది. మొదటి తుపాకి ఇచ్చినవాడికి రెండో తుపాకి మీద అధికారం ఉండదు. మొదటి రోజు అతను ఇచ్చిన మాట అతని నోటి నుంచి వచ్చింది గానీ, నిలబెట్టవలసింది నాలుగేళ్లకోసారి మారే ప్రభుత్వం. ఖంపాలకీ ఇలాగే జరిగింది. కొలరాడో కొండల్లో తర్ఫీదు ఇచ్చి, నేపాల్‌లోని ముస్తాంగ్‌లో నిలబెట్టి, చైనాతో స్నేహం కుదిరే రోజులొచ్చేసరికి చేతులు దులుపుకున్నారు. ఊరివాడికి ఆ కొండే దేశం. వచ్చినవాడికి అది ఒక పోస్టింగు.

లావోస్‌లో వేసిన గుత్తి బాంబుల్లో 27 కోట్ల చిన్న బాంబులుంటే, నూటికి ముప్పై దాకా పేలకుండా మట్టిలో ఉండిపోయాయి. యుద్ధం ఆగాక కూడా 20,000 మందికి పైగా వాటివల్ల చచ్చారో, కాళ్లూ చేతులూ పోగొట్టుకున్నారో. 2016లో అధ్యక్షుడు ఒబామా అక్కడికి వెళ్లి, వాటిని ఏరడానికి 9 కోట్ల డాలర్లు ఇస్తామన్నాడు. ఆ పదవిలో ఉండగా లావోస్ వెళ్లిన మొదటి అమెరికా అధ్యక్షుడు ఆయనే.

*

లెయిర్ గురించి చదివాక, ఓ శనివారం తాతగారిని అడిగాను, మనవరాలి చేత. మీకు బిల్ లెయిర్ తెలుసా అని. ఆయన చాలాసేపు ఆలోచించి తల అడ్డంగా ఊపాడు. తెలియదట. తనకి తెలిసింది తన కెప్టెను, వైర్‌లెస్ నేర్పిన థాయి మాస్టారు, బియ్యం పడేసే విమానం. పద్నాలుగో ఏట చేరాడట. వేళ్లు పోయింది పదిహేడో ఏట. లెయిర్ కోరుకున్నది కూడా అదే కదా, ఎవరికీ కనబడకుండా ఉండటం!

నేను కాస్త కథ చెప్పాను. అంతా మొదలెట్టిన మనిషి ఇతనేననీ, చివరికి లారీ నడిపాడనీ. మనవరాలు తర్జుమా చేస్తుంటే తాతగారు శ్రద్ధగా విన్నాడు. కోపగించుకుంటాడేమో అనుకున్నాను. ఆయన ఏదో అన్నాడు. మనవరాలు నవ్వింది.

"లారీ డ్రైవరంటే మంచి ఉద్యోగం అంటున్నాడు. ఇక్కడికొచ్చిన కొత్తలో తాతయ్య కూడా అడిగాడట. చెయ్యి చూసి లైసెన్సు రాదన్నారట. కోళ్ల ఫ్యాక్టరీలో చేరాడు."

ఇప్పుడు తాతగారు లేరు. మామ్మగారు రావడం మానేసి కూడా చాలా ఏళ్లయింది. మిన్నెసోటాలో హ్మాంగులు 90,000 దాటారు. వాళ్ల పిల్లల్లో శాసనసభ్యులున్నారు, డాక్టర్లున్నారు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో బంగారు పతకం తెచ్చిన సునీసా లీ సెయింట్ పాల్ పిల్లే. ఆ రాత్రి మా వీధిలో మనవాళ్లూ కేకలు పెట్టారు, మన ఊరి అమ్మాయి అని. బాగుంది.

మొన్న మా ఇంట్లో వినాయక చవితికి వచ్చిన ఓ కుర్రాడు, వీసా మీద కొత్తగా వచ్చినవాడు, మిరపకాయ బజ్జీ తింటూ, "ఈ రైతుబజారులో చైనా వాళ్ల మిరపకాయలు భలే ఉన్నాయండీ, అసలు వీళ్లంతా ఇక్కడికెలా వచ్చారో" అన్నాడు. మా ఆవిడ నా వంక చూసింది. "కూర్చో బాబూ, కాస్త పెద్ద కథ" అని కుర్చీ లాగాను.